యురేనియం వేసిన దారులు

శుక్రవారం సాయంత్రం అయిందంటే అమెరికాలోని యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ నగరం నుంచి దక్షిణం వైపు పికప్ ట్రక్కులు బారులు తీరతాయి. వెనకాల ట్రైలర్లు, వాటి మీద సైడ్-బై-సైడ్ బండ్లు. అందులో నాదీ ఒకటి.

జీపు కన్నా చిన్న బండి ఇది. పక్కపక్కనే సీట్లు, స్టీరింగు, మనుషుల చుట్టూ ఉక్కు పైపుల చట్రం. ఇంజను శక్తిని చక్రాలకు అందించేది ఒక రబ్బరు బెల్టు. రాతి మెట్లు ఎక్కేటప్పుడు లో రేంజి గేరులో వేయకపోతే అది వేడెక్కి కాలిపోతుంది. అందుకే స్పేర్ బెల్టు, దాన్ని మార్చే పనిముట్లు, రెండు రోజులకు సరిపడా నీళ్లు లేకుండా తెలిసినవాళ్లెవరూ బయల్దేరరు. ఫోను పనిచేయని చోట దాహమే పెద్ద ప్రమాదం.

బండి గురించి ఇంతకన్నా చెప్పను. అది తిరిగే దారుల గురించి చెప్పాలి. శాన్ రఫేల్ స్వెల్ అనే ఎర్రరాతి ప్రాంతంలో టెంపుల్ మౌంటెన్ అని ఒక కొండ ఉంది. ఊరు లేదు, పొలం లేదు, చుక్క నీరు దొరకదు. అయినా కొండ నడుము చుట్టూ బుల్డోజరు తొలిచిన దారి ఉంది. ఆ దారి పొడవునా ఇనుప కడ్డీలు బిగించిన గని నోళ్లు, వాటి ముందు బూడిదరంగు రాతిపొడి కుప్పలు. ఇవన్నీ యురేనియం గనులు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్‌తో అణ్వాయుధ పోటీ మొదలైంది. అమెరికాకు సొంత యురేనియం కావాలి. 1946 చట్టంతో ఏర్పడిన అణుశక్తి కమిషన్ ఖనిజానికి ధర ఖాయం చేసింది, కొత్త నిక్షేపం చూపినవాళ్లకు బోనస్ ఇచ్చింది, గనులకు రోడ్లు వేయించింది. ఇక జనం విరగబడ్డారు. చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్త భార్యాపిల్లలతో సిస్కో అనే చిన్న ఊళ్లో కటిక పేదరికంలో ఉండేవాడు. రేడియోధార్మికతను పట్టి చూపే గైగర్ కౌంటర్ కొనే స్తోమత కూడా లేదు. 1952లో తను తవ్విన చోట దొరికిన నల్లరాయిని ఊళ్లోని పెట్రోలు బంకులో వేరేవాళ్ల కౌంటర్ దగ్గర పెడితే, ముల్లు చివరికంటా కొట్టుకుంది. ఆ గనితో మోయబ్ అనే పల్లెటూరు కొన్నేళ్లలోనే పట్టణమైంది.

ప్రభుత్వం కొనడం తగ్గించేసరికి వెర్రి చల్లారింది. మనుషులు వెళ్లిపోయారు, దారులు మిగిలాయి. 1967లో మోయబ్ వర్తకులు వాటి మీద జీప్ సఫారీ అనే జీపుల యాత్ర పెట్టారు. 2000 తర్వాత సైడ్-బై-సైడ్‌లు వచ్చి ఊరిని నింపేశాయి.

మిగిలినవి దారులు మాత్రమే కావు. గాలి ఆడని గనుల్లో పనిచేసిన నవాహో ఆదివాసీ కార్మికులు ఎందరో ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయారు. వాళ్లకు నష్టపరిహారం ఇస్తూ చట్టం వచ్చింది 1990లో. మోయబ్‌లోని యురేనియం శుద్ధి మిల్లు కొలరాడో నది ఒడ్డున వదిలేసిన 1.6 కోట్ల టన్నుల వ్యర్థాన్ని రైళ్లలో ముప్పై మైళ్ల అవతలికి తరలించడం 2009లో మొదలైంది. లాభం ఎవరిదైనా, ఆ రైళ్ల ఖర్చు ప్రజలదే. ఇది చెప్పకుండా ట్రైల్ అందాలు వర్ణించడం నాకు చేతకాదు.

ఇప్పుడు కొట్లాటంతా ఆ దారులు ఎవరివన్నదే. యూటా భూమిలో మూడింట రెండు వంతులకు దగ్గరగా కేంద్ర ప్రభుత్వానిదే. కేంద్ర భూమిలో ఎవరైనా రహదారి వేసుకోవచ్చని 1866లో ఒక చట్టం వచ్చింది. 1976లో దాన్ని రద్దు చేసినా, అప్పటికే ఉన్న హక్కులను ఉంచారు. ఆ ఒక్క వెసులుబాటు పట్టుకుని, 12 వేలకు పైగా దారులు తమవేనని రాష్ట్రం కోర్టుకెక్కింది. 2023లో కేంద్ర భూ నిర్వహణ సంస్థ మోయబ్ దగ్గర లాబిరింత్ కాన్యన్ ప్రాంతంలో 317 మైళ్ల దారులు మూసేస్తే, మా బండ్లవాళ్లు మండిపడ్డారు.

నేను బండి ప్రేమికుణ్నే. అయినా కొన్ని మూయాల్సిందేనంటాను. ఇక్కడి ఇసుక మీద నల్లటి పొరలా బతికే మట్టి ఉంటుంది. సూక్ష్మజీవులు, నాచు కలిసి దాన్ని కట్టాయి. ఒక్క చక్రం దాని మీదుగా పోతే తిరిగి ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. డెబ్భై ఏళ్ల కిందటి బుల్డోజరు గీతలు నేటికీ చెరగకపోవడం కళ్లారా చూస్తున్నాను. ఉన్న దారి దాటి చక్రం పెట్టకపోవడమే ఇక్కడ బండి ఉన్నవాడి ధర్మం.

ఇది అమెరికా గొడవ మాత్రమే కాదు. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది. నల్లమల అడవిలో యురేనియం తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. రేపు మళ్లీ ఎవరైనా బోర్లు వేయడానికి అడవిలోకి ఒక్క దారి చాలంటూ వస్తే, పని అయ్యాక ఆ దారి ఎవరిది, దాన్ని ఎవరు పూడుస్తారు, వ్యర్థాన్ని ఎవరు మోస్తారు అని ముందే అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.