పులి ముద్ర పడిన రేవు

కావేరి కడలిలో కలిసే చోట చోళులకు ఒక రాజధాని ఉండేది. పేరు కావేరిపూంపట్టణం, వాడుకలో పుహార్. ఆ రేవులో సరుకు మీద చోళుల పులి ముద్ర పడాల్సిందే. ‘పట్టినప్పాలై’ అనే సంగకాలపు కావ్యం అక్కడి సుంకరులను అలుపెరగని సూర్యుడి గుర్రాలతో పోల్చింది. పన్ను వసూలు చేసేవాళ్లకు అంత గౌరవమిచ్చిన కవి ఇంకెక్కడైనా ఉన్నాడా! ఓడల్లో గుర్రాలు, బండ్ల మీద మిరియాల బస్తాలు, పడమటి కొండల చందనం, దక్షిణ సముద్రపు ముత్యాలు, ఈళం (శ్రీలంక) నుంచి తిండి సరుకు ఆ వీధుల్లో కుప్పలు పడేవట. 2వ శతాబ్దపు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ కూడా ఈ రేవును లెక్కలోకి తీసుకున్నాడు.

అప్పటి రాజు కరికాలుడు మనకూ పరాయివాడు కాడు. కావేరికి కట్టలు వేయించిన ఆ రాజు వంశం తమదని తెలుగు నేలనేలిన రేనాటి చోళులు శాసనాల్లో చెప్పుకున్నారు.

అయితే పుహార్‌ను బతికించింది రాజులు కాదు, ఒక వర్తకుల ఇంటి కథ. ఇళంగో అడిగళ్ రాసిన ‘శిలప్పదికారం’లో కోవలన్, కణ్ణగి ఇద్దరూ షావుకార్ల బిడ్డలే. ఇంద్రోత్సవం ముగిశాక కోవలన్, నాట్యగత్తె మాధవి సముద్రపు ఒడ్డుకు వెళతారు. ఇసుకలో పూలమ్మేవాళ్ల దీపాలు, పిండివంటలవాళ్ల దీపాలు, చేపలమ్మేవాళ్ల దీపాలు, ఓడలకు దారి చూపే దీపం. ఆ వెలుగులో అతను యాళ్ అనే తంతివాద్యం మీటుతూ పాడిన పాటకు ఆమె మరో అర్థం తీసింది, తనూ అలాగే పాడింది. అతను లేచి వెళ్లిపోయాడు. మదురై దాకా సాగే విషాదమంతా అక్కడ మొదలైంది.

రాజు ఇంద్రోత్సవం మరిచినందుకు ఊరిని సముద్రం మింగిందని ‘మణిమేకలై’ చెబుతుంది. కారణం కావ్యానిది. తీరం కోతకు గురైన మాట మాత్రం నిజం. ఇప్పటి పూంపుహార్ మైలాడుదురై జిల్లాలో ఒక చిన్న తీరపు ఊరు. ‘శిలప్పదికారం’ ఘట్టాలను రాతిలో చెక్కించిన కళామందిరం అక్కడ ఉంది. నన్నడిగితే, ముందు పక్కనే ఉన్న కీళైయూరు సంగతి తెలుసుకోవాలి. 1960లలో పురావస్తు శాఖ తవ్వితే అక్కడ పడవలను కట్టేసే ఇటుకల రేవుగట్టు, దాని పక్కన పాతిన చెక్క గుంజలు బయటపడ్డాయి.