పాత సినిమా ఇప్పటికీ ఎందుకు నచ్చుతుంది? అల్వాల్ కుర్రాడి కెమెరా నుంచి కలర్ ‘మాయాబజార్’ దాకా.. పూర్తి వివరాలు

బ్లాక్ అండ్ వైట్ క్లిప్పులు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. కానీ మీరు చూస్తున్నది పూర్తి సినిమానేనా? పాటలు, సీన్లు ఎక్కడ పోతున్నాయి? రీల్ ఎందుకు పాడవుతుంది? తెలుసుకోండి.

తార్నాక మెట్రో ప్లాట్‌ఫామ్ మీద సాయంత్రం ఆరింటికి నిలబడితే ఒక విషయం గమనించొచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఫోన్, స్క్రీన్ మీద ఎస్వీ రంగారావు. ఘటోత్కచుడు పెళ్లి వంటలన్నీ ఒక్కడే లాగించేసే సీన్. చూస్తున్నది 60 ఏళ్ల పెద్దాయనే కానక్కర్లేదు, ఉస్మానియా క్యాంపస్ హాస్టల్‌కి వెళ్తున్న పీజీ స్టూడెంట్ కూడా కావచ్చు. ఆ సీన్ తీసి దాదాపు 70 ఏళ్లయింది. నవ్వు మాత్రం ఇప్పటికీ వస్తోంది.

అయితే రెండు నిమిషాల క్లిప్ చూడటం వేరు, మూడు గంటల సినిమా చూడటం వేరు. ఇంకో సమస్య కూడా ఉంది. మూడు గంటలు కూర్చుని చూద్దామన్నా, అసలు తీసిన సినిమా మొత్తం మన దాకా రావడం లేదు.

మల్కాజ్‌గిరి వైపు నుంచి మొదలైన కథ

పాత సినిమాల పిచ్చి ఒక మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. మల్కాజ్‌గిరి పక్కనే ఉన్న అల్వాల్, తిరుమలగిరి చాలు. దర్శకుడు శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబర్ 14న తిరుమలగిరిలో పుట్టారు. పెరిగింది అల్వాల్‌లో. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫొటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతోనే 12 ఏళ్ల వయసులో శ్యామ్ తన మొదటి సినిమా తీశారు. కంటోన్మెంట్‌లో సిపాయిల కోసం నడిచే సినిమా హాలు ఆ కుర్రాడికి మొదటి బడి.

తర్వాత ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన నిజాం కాలేజీలో ఎకనామిక్స్ చదివారు. అక్కడుండగానే హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ఫిల్మ్ సొసైటీ అంటే మామూలు థియేటర్లకు రాని మంచి సినిమాలు, పాత సినిమాలు తెప్పించుకుని, సభ్యులంతా కలిసి చూసి మాట్లాడుకునే సంఘం. ఓటీటీ లేదు, యూట్యూబ్ లేదు, వీడియో క్యాసెట్ కూడా లేదు. ఒక పాత సినిమా మళ్లీ చూడాలంటే దాని రీల్ డబ్బాలు ఊరికి రావాల్సిందే.

అలా చూసి చూసి నేర్చుకున్నది 1974లో ‘అంకుర్’ అయింది. మన ప్రాంతపు కథ, మన దక్కనీ యాస, షబానా అజ్మీ మొదటి సినిమా. ఆ తర్వాత తెలంగాణ దొరతనం మీద ‘నిశాంత్’ (1975), పోచంపల్లి నేతగాళ్ల మీద ‘సుస్మన్’ (1987), తెలుగులో ‘అనుగ్రహం’ (1978). బెనెగల్ 2024 డిసెంబర్ 23న కన్నుమూశారు. ఆయన పోయిన ఏడాదే ఒక మంచి సంగతి కూడా జరిగింది. ఆయన సినిమా ‘మంథన్’ కొత్తగా బాగుపడి మళ్లీ తెర మీదికి వచ్చింది. ఆ వివరం కింద చూద్దాం.

అల్వాల్‌కి ఇంకో సినిమా లింక్ కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ (1979)లో తెర మీద కనిపించి పాట పాడిన గద్దర్ ఉన్నది ఇక్కడే. 2023లో ఆయన అంత్యక్రియలు జరిగింది కూడా అల్వాల్‌లోనే. పాట ఊరూరా తిరిగింది కానీ, సినిమాని మొదటి నుంచి చివరి దాకా చూసిన ఈ తరం వాళ్లు ఎంతమంది? క్లిప్పుకీ సినిమాకీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

‘మాయాబజార్’లో ఏముంది?

తెలుగువాళ్లను పాత సినిమా పేరు చెప్పమంటే ముందు వచ్చేది ఇదే. బేసిక్స్ ఇవీ:

• విడుదల: 1957 మార్చి 27
• నిర్మాణం: విజయా ప్రొడక్షన్స్
• దర్శకత్వం: కేవీ రెడ్డి
• మాటలు, పాటలు: పింగళి నాగేంద్రరావు
• సంగీతం: ఘంటసాల (కొన్ని ట్యూన్లు సాలూరి రాజేశ్వరరావువి)
• కెమెరా: మార్కస్ బార్ట్‌లీ
• నటులు: ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, రేలంగి

ఇదే కథని తమిళంలోనూ తీశారు. అక్కడ అభిమన్యుడు జెమినీ గణేశన్. 2013లో ఒక జాతీయ న్యూస్ ఛానల్ పెట్టిన ఆన్‌లైన్ పోల్‌లో భారతీయ సినిమాల్లో నంబర్ వన్‌గా ఓట్లు పడింది ‘మాయాబజార్’కే.

అసలు ఈ కథ వ్యాసుడి భారతంలో లేదు. శశిరేఖా పరిణయం జనం చెప్పుకున్న కథ. ఇంకో తమాషా ఏంటంటే, భారతం మీద తీసిన ఈ సినిమాలో పాండవులు ఒక్క సీన్‌లో కూడా కనిపించరు. చాలామంది పదిసార్లు చూసి కూడా ఈ సంగతి గమనించరు. వాళ్లు లేరన్న లోటే తెలియకుండా కథ నడుస్తుంది.

ఇక ప్రియదర్శిని పెట్టె. మూత తెరిస్తే, చూసేవాళ్లకు తమ మనసుకి ఇష్టమైనవాళ్లు కనిపిస్తారు. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. ఈ రోజు వీడియో కాల్ చేసే ప్రతి ఒక్కరికీ ఆ సీన్ వెంటనే ఎక్కుతుంది. 1957లో ప్రేక్షకుడికి అది మాయ. ఇప్పుడు చూస్తే మన చేతిలో ఉన్న వస్తువే.

మాటల సంగతి సరేసరి. ‘అసమదీయులు, తసమదీయులు’, ‘వీరతాడు’, ‘దుష్టచతుష్టయం’.. ఇవి ఇవాళ్టికీ రాజకీయ వార్తల్లో, టీవీ డిబేట్లలో రోజూ వినిపిస్తాయి. సినిమా చూడనివాళ్లు కూడా వాడేస్తున్నారు. ‘ఓహో, ఈ మాట ఇక్కడిదా’ అని సినిమా చూస్తున్నప్పుడు తెలియడం ఒక ప్రత్యేకమైన సరదా.

కంప్యూటర్ లేని రోజుల్లో ట్రిక్కుల సంగతి కూడా చెప్పుకోవాలి. ద్వారక నగరం కోసం బొమ్మరిళ్ల లాంటి దాదాపు 300 చిన్న ఇళ్లతో మినియేచర్ సెట్ వేశారు. వాటిలో లైట్లు కూడా వెలిగించారు. బార్ట్‌లీ తీసిన పడవ పాటలో వెన్నెల ఎంత చల్లగా ఉంటుందంటే, తెలుగు సినిమాలో వెన్నెల అనగానే ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు.

సావిత్రి నటన గురించి ఒక్క మాట. సినిమా రెండో సగంలో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే ఒక ఆడపిల్ల వేషంలో ఉన్న రాక్షసుడిగా సావిత్రి నటించాలి. నడకలో, కనుబొమ్మల్లో, మెడ తిప్పడంలో ఎస్వీఆర్‌ని తెచ్చి చూపిస్తారు. క్లిప్‌లో చూస్తే ఇది సరదా సీన్. మొదటి నుంచి చూస్తే, అసలు శశిరేఖ ఎలా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి నవ్వు రెట్టింపవుతుంది. పాత సినిమా పూర్తిగా చూడాలనేది ఇందుకే.

రంగులేస్తే ఏమైంది?

హైదరాబాద్‌కి చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007లో ‘మాయాబజార్’తో కలిపి 14 తెలుగు సినిమాల నెగెటివ్ హక్కులు తీసుకుంది. ‘మాయాబజార్’కి రంగులద్ది, సౌండ్ శుభ్రం చేసి, 2010 జనవరి 30న విడుదల చేసింది. 53 ఏళ్ల తర్వాత వచ్చిన సినిమాని కొత్త సినిమాలా ఆదరించారు. పిల్లలు తాతలతో కలిసి థియేటర్లకు వెళ్లారు.

కానీ ఆ కలర్ వెర్షన్‌లో కొన్ని భాగాలు లేవు. రెండు పాటలు, ఘటోత్కచుడు మొదటిసారి కనిపించే సీన్ లాంటివి తీసేశారు. కారణం కథ సాగిందని కాదు. రంగులేయడానికి పనికొచ్చే స్థితిలో ఆ భాగాల ఫిల్మ్ లేదు. ఇది తెలుగువాళ్లు అత్యంత ఇష్టపడే సినిమా పరిస్థితి. మిగతా వాటి సంగతి ఊహించుకోవచ్చు.

రీల్ ఎందుకు పాడవుతుంది?

• మొదటి దశాబ్దాల్లో సినిమాలు నైట్రేట్ ఫిల్మ్ మీద తీశారు. అది చాలా తేలిగ్గా అంటుకుంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ జిగురులా మారి, చివరికి పొడి అవుతుంది.
• తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ అంత తేలిగ్గా అంటుకోదు. కానీ వేడి, తేమ ఉన్న గదిలో పెడితే వెనిగర్ వాసన వస్తూ ముడుచుకుపోతుంది. ఆ వాసన వచ్చిందంటే డబ్బాలో రీల్ చస్తోందని అర్థం. పక్క డబ్బాలకూ ముప్పే.
• బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లో వెండి ఉంటుంది. ఆడటం అయిపోయాక ఆ వెండి కోసం రీళ్లను కరిగించి అమ్ముకున్న సందర్భాలు దేశమంతా ఉన్నాయి.
• టీవీ, వీడియో వస్తాయని, పాత సినిమాకి మళ్లీ విలువ ఉంటుందని చాలామంది అనుకోలేదు.

ఫలితం? దేశంలో మొదటి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ప్రింట్ ఇవాళ ఎక్కడా లేదు. తెలుగు మాటలు, పాటలు కూడా ఉన్న ‘కాళిదాస్’ (1931) కూడా దొరకదు. ఆ రెండింటిలోనూ, తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లోనూ నటించింది మన ఎల్వీ ప్రసాదే. తర్వాత ఆయనే ‘మిస్సమ్మ’ (1955)కి దర్శకుడయ్యారు. ‘మిస్సమ్మ’ని చూసి మనం నవ్వుతున్నాం. కుర్రాడిగా ఆయన ‘ఆలం ఆరా’లో ఎలా ఉండేవారో మాత్రం ఎప్పటికీ చూడలేం.

మళ్లీ తెర మీదికి ఎలా వస్తున్నాయి?

పాత ఫిల్మ్‌ని దాచే పని ప్రభుత్వం తరఫున పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి చేస్తోంది. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2014 నుంచి ఇదే పనిలో ఉంది. బెనెగల్ ‘మంథన్’ (1976)ని బాగుచేసింది ఈ సంస్థే. గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని తీయించిన సినిమా అది. ఒరిజినల్ నెగెటివ్‌ని చెన్నైలోని ప్రసాద్ ల్యాబ్, ఇటలీలోని బొలోన్యా ల్యాబ్ కలిసి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా శుభ్రం చేశాయి. చెన్నై ల్యాబ్ ఎల్వీ ప్రసాద్ పెట్టిన సంస్థదే. 2024 మే నెలలో కాన్స్ ఫెస్టివల్‌లో వేశారు, జూన్‌లో మన థియేటర్లకూ వచ్చింది.

అదే ఏడాది ఏఎన్నార్ శతజయంతి. సెప్టెంబర్ 20 నుంచి 22 దాకా 25 నగరాల్లో ఆయన సినిమాలు 10 వేశారు. ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’, ‘ప్రేమ్‌నగర్’ వాటిలో ఉన్నాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ‘పోకిరి’, ‘ఖుషి’ రీ-రిలీజ్‌లకు పేపర్లు ఎగరేసిన హైదరాబాద్ కుర్రాళ్లకు ఇది కొత్త ముచ్చటేం కాదు. నచ్చిన సినిమాని పదిమందితో కలిసి మళ్లీ చూడటంలో కిక్కు వేరే. తార్నాక ఆరాధనలో ఒకప్పుడు క్లాసులు ఎగ్గొట్టి సినిమా చూసిన క్యాంపస్ సీనియర్లని అడిగినా ఇదే మాట చెబుతారు.

యూట్యూబ్‌లో ఫ్రీగా ఎలా ఉంటున్నాయి?

మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కేస్తే 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1957లో వచ్చిన ‘మాయాబజార్’ హక్కు 2017 చివరితో, 1962 నాటి ‘గుండమ్మ కథ’ది 2022 చివరితో ముగిసింది. కొత్తగా చేసిన కలర్ వెర్షన్ల సంగతి వేరుగా చూడాలి. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’కి ఇంకా టైమ్ ఉంది.

దీనివల్ల లాభం, నష్టం రెండూ ఉన్నాయి. ఎవరైనా అప్‌లోడ్ చేయొచ్చు కాబట్టి సినిమా అందరికీ దొరుకుతుంది. కానీ సొంతదారు లేని సినిమా మీద డబ్బులు పెట్టి బాగుచేసేవాళ్లు తగ్గిపోతారు. టీవీ కోసం ఎప్పుడో కత్తిరించిన కాపీయే పది చోట్ల తిరుగుతూ, చివరికి అదే అసలు సినిమా అని జనం అనుకునే ప్రమాదం ఉంది.

ఫోన్‌లో చూసేవాళ్లకు టిప్స్

1. తలలు తెగాయేమో చూడండి. 1950ల సినిమాలు దాదాపు చదరంగా, పాత టీవీ ఆకారంలో ఉంటాయి. ఫోన్ నిండా బొమ్మ వస్తోందంటే పైనా కిందా కోసేసి ఉంటారు. పక్కల నల్ల గీతలు ఉంటేనే మంచిది.

2. జూమ్ చేయొద్దు. రెండు వేళ్లతో సాగదీస్తే పోయేది నటుల నుదురు, కాళ్లు.

3. బ్రైట్‌నెస్ పెంచి, లైట్ తీసేసి చూడండి. మెట్రోలో ఎండ పడుతుంటే బార్ట్‌లీ వెన్నెల కనిపించదు.

4. ఒకే సినిమా రెండు, మూడు చోట్ల ఉంటే ఎక్కువ నిడివి ఉన్నది ఎంచుకోండి.

5. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి టీవీలో వేయండి. ఎవరు ఏ థియేటర్లో, ఎవరితో వెళ్లి చూశారో సినిమా మధ్యలో వాళ్లే చెబుతారు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నవ్వుకోవాలంటే ‘మిస్సమ్మ’ (1955), ‘గుండమ్మ కథ’ (1962). మాయలు, మంత్రాలు కావాలంటే ‘పాతాళభైరవి’ (1951). ఎస్వీఆర్ కోసం ‘నర్తనశాల’ (1963). ఏడుపొచ్చినా పర్లేదనుకుంటే ‘దేవదాసు’ (1953). మన నేల కథ కావాలంటే ‘మా భూమి’, ‘అంకుర్’.

ఈ వీకెండ్ ‘మాయాబజార్’ పెడుతున్నారా? ప్లే నొక్కే ముందు కింద నిడివి చూడండి. 3 గంటలు దాటి ఉంటే మీరు సేఫ్. రెండున్నర గంటలే ఉంటే మీకు ఇష్టమైన పాట ఒకటి అందులో ఉండకపోవచ్చు. వెనక్కి వచ్చి ఇంకోటి వెతకండి.