రేడియో డిస్పాచ్ కన్సోలు

రేడియో డిస్పాచ్ కన్సోలు అనగా ఒకే చోట కూర్చున్న ఉద్యోగి ఏకకాలంలో అనేక రేడియో ఛానెళ్ళను వింటూ, వాటిలో కావలసిన దానిపై మాట్లాడుతూ, దూరంగా ఉన్న వాహనాలకు, సిబ్బందికి ఆదేశాలు పంపేందుకు ఉపయోగపడే నియంత్రణ సాధనం. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సేవల నియంత్రణ కేంద్రాలలోను, రైల్వేలు, విమానాశ్రయాలు, ఓడరేవులు, గనులు, విద్యుత్ సరఫరా సంస్థలలోను దీనిని వాడుతారు. కన్సోలుపై పనిచేసే ఉద్యోగిని డిస్పాచర్ అంటారు.

కన్సోలు స్వయంగా రేడియో కాదు. తరంగాలను ప్రసారం చేసేది, గ్రహించేది కొండమీదనో ఎత్తైన భవనం మీదనో ఉండే బేస్ స్టేషను. కన్సోలు దానిని దూరం నుండి నడిపిస్తుంది. టెలిఫోను సంభాషణ సాధారణంగా ఇద్దరి మధ్య జరుగుతుంది. రేడియోలో ఒకరు మాట్లాడితే ఆ ఛానెలులో ఉన్న అందరూ వింటారు. అందువలన డిస్పాచరు ముందు ఎప్పుడూ అనేక గొంతులు ఉంటాయి. వాటి మధ్య ముఖ్యమైన పిలుపు మరుగున పడకుండా చూడడం, ఏ క్షణాన ఏ ఛానెలు ఏ స్థితిలో ఉన్నదో డిస్పాచరుకు స్పష్టంగా తెలియజేయడం కన్సోలు ప్రధాన కర్తవ్యాలు. దాని సాంకేతిక సామర్థ్యాలన్నీ ఈ రెండు అవసరాల నుండి పుట్టినవే.

చరిత్ర

1928లో అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసు శాఖ గస్తీ కార్లకు రేడియో ద్వారా సమాచారం పంపడం ప్రారంభించింది. అది ఏకమార్గ ప్రసారం. కారులోని పోలీసులు వినగలరే గాని అదే రేడియోలో బదులు చెప్పలేరు. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయోన్ పట్టణ పోలీసులు ద్విమార్గ రేడియోను వాడుకలోకి తెచ్చారు. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు డేనియల్ నోబుల్ రూపొందించిన ఎఫ్.ఎం. ద్విమార్గ వ్యవస్థను స్వీకరించారు. ఇందులో రొద తక్కువ కావడంతో కదిలే వాహనాలకు ఎఫ్.ఎం. పద్ధతి విస్తృతంగా వ్యాపించింది.

ఛానెళ్ళు పెరిగిన కొద్దీ ఒక్కొక్క దానికి ఒక్కొక్క మైకు, ఒక్కొక్క స్పీకరు బల్లమీద పెట్టడం కష్టమైంది. వాటినన్నిటిని ఒకే చోటికి చేర్చినదే కన్సోలు. తొలి కన్సోళ్ళు మీటలు, దీపాలు, ముల్లు కదిలే మీటర్లు అమర్చిన లోహపు బల్లలు. తరువాత కంప్యూటరు తెర వచ్చి, ప్రతి ఛానెలు తెరపై ఒక చిన్న గడిగా మారింది. నేటి కన్సోళ్ళలో ఎక్కువ భాగం ఐ.పి. నెట్‌వర్కుపై పనిచేస్తాయి.

ముఖ్య భాగాలు

డిస్పాచరు కూర్చునే స్థానంలో తెర, వంగే మెడ గల మైకు లేదా హెడ్‌సెట్, రెండు లేక అంతకు మించి స్పీకర్లు, కాలితో నొక్కే మీట ఉంటాయి. చేతులు కీబోర్డు మీద ఉన్నప్పుడు మాట్లాడేందుకు కాలి మీట ఉపయోగపడుతుంది. స్పీకర్లలో ఒకటి ఎంపిక చేసిన ఛానెలుకు, మిగిలినవి ఇతర ఛానెళ్ళకు కేటాయించబడతాయి. వీటి వెనుక ధ్వనిని అటూ ఇటూ మళ్ళించే స్విచ్చింగ్ వ్యవస్థ, బేస్ స్టేషన్లతో కలిపే అనుసంధాన పరికరాలు, సంభాషణలను భద్రపరిచే రికార్డరు ఉంటాయి.

దూరం నుండి నియంత్రించే విధానం

బేస్ స్టేషను కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మాటను, ఆదేశాన్ని కూడా అక్కడికి చేర్చాలి. దీనికి మూడు పద్ధతులు ప్రసిద్ధమైనవి.

1. ఏకముఖ విద్యుత్ పద్ధతి: టెలిఫోను తీగల జతపై కొన్ని మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును పంపుతారు. విద్యుత్తు పరిమాణాన్ని, దిశను బట్టి బేస్ స్టేషను ఆదేశాన్ని గుర్తిస్తుంది. ఇందుకు ఆ చివర నుండి ఈ చివర వరకు తెగని లోహపు తీగ తప్పనిసరి.

2. స్వర నియంత్రణ పద్ధతి: ఆదేశాలను వినబడే స్వరాల రూపంలో పంపుతారు. డిస్పాచరు మీట నొక్కగానే మొదట 2175 హెర్ట్జ్ పౌనఃపున్యం గల స్వరం 120 మిల్లీ సెకన్ల పాటు బిగ్గరగా వెళుతుంది. దీనిని కాపలా స్వరం అనవచ్చు. ఆ వెంటనే 40 మిల్లీ సెకన్ల పాటు ఆదేశ స్వరం వెళుతుంది. సాధారణంగా 1950 హెర్ట్జ్ అయితే మొదటి ఛానెలుపై ప్రసారం, 1850 హెర్ట్జ్ అయితే రెండవ ఛానెలుపై ప్రసారం అని అర్థం. తరువాత మాట్లాడుతున్నంతసేపు 2175 హెర్ట్జ్ స్వరం సన్నగా కొనసాగుతుంది. అది ఆగగానే ప్రసారం ఆగిపోతుంది. శ్రోతలకు ఆ స్వరం వినబడకుండా బేస్ స్టేషనులోని వడపోత దానిని తొలగిస్తుంది. ఈ స్వరాలన్నీ టెలిఫోను మోయగల 300 నుండి 3400 హెర్ట్జ్ పరిధిలోనే ఉన్నందున, తీగ మాత్రమే కాక మైక్రోవేవ్ వంటి ఏ ధ్వని మార్గమైనా సరిపోతుంది.

3. ఐ.పి. పద్ధతి: మాటను అంకెలుగా మార్చి, పొట్లాలుగా కట్టి నెట్‌వర్కుపై పంపుతారు. జి.711 అనే ప్రామాణిక పద్ధతిలో సెకనుకు 8000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు చొప్పున 64 కిలోబిట్లు అవసరం. 20 మిల్లీ సెకన్లకు ఒక పొట్లం చొప్పున పంపితే సెకనుకు 50 పొట్లాలు, ఒక్కొక్క దానిలో 160 బైట్ల మాట ఉంటాయి. చిరునామా మొదలైన వాటికి మరో 40 బైట్లు కలిపితే ఒక ఛానెలుకు 80 కిలోబిట్లు అవుతుంది. పది ఛానెళ్ళను ఒకేసారి వినే కన్సోలుకు సెకనుకు 800 కిలోబిట్లు కావాలి. సాధారణ నెట్‌వర్కుకు ఇది పెద్ద భారం కాదు. పొట్లాలు ఆలస్యంగానో, వరుస తప్పో రావడమే అసలు చిక్కు. వాటిని సరిచేయడానికి కన్సోలు మాటను కొద్దిసేపు నిలిపి ఉంచి వినిపిస్తుంది. నిలిపి ఉంచే కాలం పెరిగితే మాట నాణ్యత పెరుగుతుంది, ఆలస్యమూ పెరుగుతుంది.

సాంకేతిక సామర్థ్యాలు

ఛానెలు ఎంపిక: డిస్పాచరు ఒక ఛానెలును ఎంపిక చేస్తే అది ప్రధాన స్పీకరులో లేదా హెడ్‌సెట్‌లో వినబడుతుంది. మిగిలినవి తగ్గించిన ధ్వనితో రెండవ స్పీకరులో వినబడుతూనే ఉంటాయి. ఎంపికను మార్చకుండానే మరొక ఛానెలుపై వెంటనే మాట్లాడేందుకు ప్రతి గడిలోను ప్రత్యేక ప్రసార మీట ఉంటుంది. అనేక ఛానెళ్ళను కలిపి ఎంచుకొని, ఒకే ప్రకటనను అన్నిటిపై ఒకేసారి చేయవచ్చు.

స్థితి సూచన: ఛానెలులో ఎవరో మాట్లాడుతున్నారని, ప్రసారం జరుగుతున్నదని, పక్క కన్సోలు వారు అదే ఛానెలును వాడుతున్నారని వేరువేరు రంగుల దీపాలు లేదా గుర్తులు చూపుతాయి. మాట్లాడిన సెట్టు సంఖ్య గాని, దానికి ఇచ్చిన పేరు గాని తెరపై కనబడుతుంది.

అత్యవసర పిలుపు: ఆపదలో ఉన్న సిబ్బంది తమ సెట్టుపై ఉన్న అత్యవసర మీట నొక్కితే కన్సోలులో గంట మోగి, ఆ సెట్టు గుర్తింపు తెరపై వెలుగుతుంది. డిస్పాచరు దానిని చూసినట్లు ధ్రువీకరించే వరకు ఆ సూచన తొలగిపోదు. నోరు విప్పి మాట్లాడలేని స్థితిలో ఉన్నవారికి ఇదే ఆధారం.

ప్యాచ్: వేరువేరు ఛానెళ్ళను కన్సోలు ద్వారా కలపడాన్ని ప్యాచ్ అంటారు. అప్పుడు ఒక ఛానెలులో వినబడిన మాట రెండవ దానిలో తిరిగి ప్రసారమవుతుంది. పోలీసుల సెట్లు ఒక పౌనఃపున్యంపై, అగ్నిమాపక దళం సెట్లు మరొక దానిపై ఉన్నా, ఇరువురూ మాట్లాడుకోగలరు. సెట్లు మార్చవలసిన పని లేదు.

స్వర పిలుపు: జేబులో పెట్టుకునే పేజర్లను మేలుకొలిపేందుకు కన్సోలు నిర్ణీత స్వరాలను పంపుతుంది. బాగా ప్రచారంలో ఉన్న రెండు స్వరాల పద్ధతిలో మొదటి స్వరం 1 సెకను, రెండవ స్వరం 3 సెకన్ల పాటు ఉంటాయి. అమెరికాలోని స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు ఈ పద్ధతిని విరివిగా వాడాయి.

ధ్వని అదుపు: ఒకే గదిలో ఇద్దరు డిస్పాచర్లు ఉన్నప్పుడు ఒకరి మైకులోని మాట రెండవవారి స్పీకరులో వచ్చి, తిరిగి మైకులో దూరి, కూతగా మారే ప్రమాదం ఉన్నది. ఒకరు మాట్లాడుతుండగా పక్కవారి స్పీకరులో ఆ ఛానెలును తాత్కాలికంగా మూసివేయడం ద్వారా దీనిని నివారిస్తారు.

తక్షణ పునఃశ్రవణం: సరిగా వినబడని పిలుపును డిస్పాచరు తన స్థానంలోనే వెంటనే మళ్ళీ వినవచ్చు. దీర్ఘకాలం భద్రపరిచే రికార్డరు వేరుగా ఉంటుంది. విచారణలలో ఈ రికార్డులు సాక్ష్యం అవుతాయి గనుక అన్ని పరికరాల గడియారాలు ఒకే కాలాన్ని చూపేలా సరిచేయబడి ఉండాలి.

డిజిటల్, ట్రంకింగ్ వ్యవస్థలతో అనుసంధానం

ట్రంకింగ్ వ్యవస్థలో ఏ బృందానికీ శాశ్వతంగా ఒక పౌనఃపున్యం ఉండదు. మీట నొక్కినపుడు ఖాళీగా ఉన్న ఛానెలును కంప్యూటరు కేటాయిస్తుంది. కన్సోలులో అప్పుడు ఛానెలుకు బదులు బృందం కనబడుతుంది. అన్ని ఛానెళ్ళు నిండిపోయినపుడు అత్యవసర పిలుపుకు ముందు వరుస ఇవ్వడం, పోగొట్టుకున్న సెట్టును పనిచేయకుండా చేయడం వంటి సదుపాయాలు ఇందులో ఉంటాయి.

అమెరికాలో 1989లో మొదలైన ప్రాజెక్ట్ 25, ఐరోపాలో 1995లో తొలి ప్రమాణాలు వెలువడిన టెట్రా ఈ రంగంలో ప్రధానమైనవి. ప్రాజెక్ట్ 25 మొదటి దశలో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పు గల ఛానెలుపై సెకనుకు 9600 బిట్లు వెళతాయి. అందులో అసలు మాటకు 4400 బిట్లు, దోషాలను సవరించే అదనపు బిట్లతో కలిపి 7200 బిట్లు ఉపయోగపడతాయి. టెట్రాలో 25 కిలోహెర్ట్జ్ ఛానెలును కాలం ప్రకారం నాలుగు భాగాలు చేసి నాలుగు సంభాషణలకు పంచుతారు. ఒక తయారీదారు కన్సోలును మరొక తయారీదారు రేడియో వ్యవస్థతో కలపడానికి ప్రాజెక్ట్ 25లో సి.ఎస్.ఎస్.ఐ. అనే అనుసంధాన ప్రమాణం ఉన్నది.

పరిమితులు

ప్యాచ్ చేసినంత మాత్రాన రెండు దళాల మధ్య సమన్వయం ఏర్పడదు. రెండు రద్దీ ఛానెళ్ళను కలిపితే రెండింటి రద్దీ ఒకే దానిపై పడుతుంది. పని పూర్తయ్యాక ప్యాచ్ తీసివేయడం మరచిపోతే సంబంధం లేని మాటలు అవతలి ఛానెలును ఆక్రమిస్తాయి. ఇద్దరు డిస్పాచర్లు ఒకరికి తెలియకుండా ఒకరు అవే ఛానెళ్ళను కలిపితే మాట వలయంలా తిరుగుతూనే ఉంటుంది. 256 బిట్ల తాళంతో రహస్యంగా సాగే ఛానెలును మామూలు ఛానెలుతో కలిపితే ఆ మాటలు రెండవ వైపు బహిరంగంగా వినబడతాయి.

ఆలస్యం మరొక సమస్య. మీట నొక్కిన తరువాత మార్గం పూర్తిగా తెరుచుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. వెంటనే మాట్లాడితే మొదటి అక్షరాలు పోతాయి. "నూట ఏడు" అన్నది "ఏడు"గా వినబడవచ్చు. మాట ముగియక ముందే మీట వదిలితే చివరి అక్షరాలు పోతాయి. తెలుగులో నిషేధం వాక్యం చివర వస్తుంది గనుక "లోపలికి వెళ్ళవద్దు" అనే ఆదేశంలో తోక తెగితే అసలు అర్థమే పోతుంది. ఈ కారణంగా మీట నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలని, ముఖ్యమైన ఆదేశాన్ని విన్నవారు తిరిగి చెప్పాలని శిక్షణలో నేర్పుతారు.

విద్యుత్తు, నెట్‌వర్కు ఆగినా పని సాగేందుకు బ్యాటరీలు, జనరేటరు, రెండవ సమాచార మార్గం ఏర్పాటు చేస్తారు. అన్ని మార్గాలు తెగిన పక్షంలో రిపీటరుతో గాలి ద్వారానే మాట్లాడగల మామూలు రేడియోను కేంద్రంలో సిద్ధంగా ఉంచుతారు.

2001 న్యూయార్కు అనుభవం

న్యూయార్కు వరల్డ్ ట్రేడ్ సెంటరులో 1993 బాంబు దాడి తరువాత అగ్నిమాపక దళం చేతి సెట్ల బలాన్ని పెంచే రిపీటరును అమర్చారు. దానిని నడిపే చిన్న కన్సోలు ఉత్తర భవనం క్రింది అంతస్తులో ఉండేది. ఇది డిస్పాచ్ కన్సోలు కాకపోయినా, కన్సోళ్ళ రూపకల్పనకు పాఠంగా నిలిచింది. 2001 సెప్టెంబరు 11 ఉదయం 8:54కు ఒక మీట నొక్కబడింది. దానితో చేతి సెట్లకు రిపీటరు అందుబాటులోకి వచ్చింది. అయితే కన్సోలుకు ఉన్న రిసీవరు నుండి మాట్లాడాలంటే రెండవ మీట కూడా నొక్కాలి. ఆ మీటను ఎవరూ నొక్కలేదు. 9:05కు అధికారులు పరీక్షించినపుడు రిసీవరు నుండి మాట వెళ్ళలేదు, అవతలి మాట వినబడలేదు. మాట వినబడకపోవడానికి సాంకేతిక లోపం గాని, ధ్వని తగ్గించి ఉండడం గాని కారణం కావచ్చునని విచారణ సంఘం పేర్కొన్నది. రిపీటరు పనిచేయడం లేదని భావించి ఉత్తర భవనంలో దానిని వదిలివేశారు. దక్షిణ భవనంలోని సిబ్బంది అదే రిపీటరును వాడుకున్నారు.

ఆ రోజు న్యూయార్కు అగ్నిమాపక శాఖ 343 మందిని కోల్పోయింది. రేడియోల సాంకేతిక వైఫల్యం ఒక కారణమే గాని ప్రధాన కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. అయినప్పటికీ, పనిచేస్తున్న పరికరం పనిచేయనట్లు కనబడితే అది లేనట్లేనని ఈ సంఘటన తెలియజేస్తుంది. స్థితి సూచన కన్సోలుకు అలంకారం కాదు, అత్యవసరం.

భారతదేశంలో

భారతదేశంలో రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్ వ్యవస్థలను సమన్వయపరిచే కేంద్ర విభాగం 1946లో ఏర్పడింది. జిల్లా కేంద్రాలలోని పోలీసు కంట్రోలు రూములు వైర్‌లెస్ సెట్ల ద్వారా స్టేషన్లకు, గస్తీ వాహనాలకు ఆదేశాలు పంపుతాయి. ఢిల్లీ మెట్రో రైలు వ్యవస్థలో టెట్రా రేడియో వాడుకలో ఉన్నది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ టెలిఫోను పిలుపును అందుకొని, కంప్యూటరు సహాయంతో దగ్గరి వాహనాన్ని పంపే పద్ధతిని తెలుగువారికి పరిచయం చేసింది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న సమీకృత కమాండ్ కంట్రోలు కేంద్రం ప్రారంభమైంది. ప్రజల నుండి పిలుపు రావడం ఒక అంచె, సిబ్బందికి ఆదేశం చేరడం రెండవ అంచె. రేడియో డిస్పాచ్ కన్సోలు ఈ రెండవ అంచెకు చెందినది.

ఇవి కూడా చూడండి

వాకీటాకీ
రిపీటరు
ఎఫ్.ఎం. ప్రసారం
టెట్రా
108 అంబులెన్సు సేవ