పాత మోటారుహోము పరీక్ష

పడక, వంటగది, స్నానపుగది మున్నగు వసతులను మోటారు బండి చట్రముపై అమర్చి నిర్మించిన సంచారగృహమునకు మోటారుహోమని పేరు. అమెరికాలోని అయోవా రాష్ట్రమున, ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో సంస్థ వీనిని 1966లో నిర్మింప నారంభించెను.

ఒకరు వాడిన మోటారుహోమును కొనగోరువారు దానిని వాహనముగను, గృహముగను వేర్వేరుగ పరీక్షింపవలయును. ఇంజను ఎంత చక్కగా నడచినను, పైకప్పు అతుకులందలి పూత బీటలువారి వాననీరు గోడలలోనికి ఇంకినచో, లోపలి కొయ్యచట్రము కంటికి కానరాకుండ కుళ్లిపోవును. కావున కిటికీల మూలలయందును, అలమారల లోపలను, పడకల క్రిందను మరకలను, ముక్కవాసనను వెదకి, గోడలను వ్రేలితో నొక్కి చూచి, తేమను కొలిచే మీటరుతో నిర్ధారించుకొనుట ఉత్తమము. అడుగు వేసినపుడు నేల మెత్తగ క్రుంగినను, వెలుపలి ఫైబర్‌గ్లాసు పలక ఉబ్బినను నీరు చొచ్చెనని శంకింపవలయును.

ఇట్టి బండ్లు తరచు నెలల తరబడి నిలిచియుండుటచే టైర్లు అరుగుటకు పూర్వమే వయస్సుచేత చెడును. అమెరికాలో టైరు ప్రక్కభాగముపై DOT అను అక్షరములతో మొదలగు సంకేతము చివర 2319 అని యున్నచో, అది 2019లో 23వ వారమున తయారైనదని గ్రహింపవలెను. గ్యాసుతో నడచు ఫ్రిజ్ చల్లబడుటకు చాల గంటలు పట్టును గనుక, దానిని ముందునాడే వెలిగించి యుంచుమని అమ్మకందారును కోరవలయును. గ్యాసు గొట్టముల పరీక్షను మాత్రము నిపుణునికే అప్పగింపవలయును. అది ధనమునకు గాక ప్రాణమునకు సంబంధించిన విషయము.