ఓటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పౌరులను ఓటర్లుగా నమోదు చేయించేందుకు 1962లో అట్లాంటా కేంద్రంగా మొదలైన ఉమ్మడి నిధి ఓటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్ట్ (వీఈపీ). దాతృత్వ సంస్థలు కొన్ని డబ్బును ఒకచోట పోగుచేసి, విరాళాల కోసం తమలో తాము పోటీపడే పౌరహక్కుల సంఘాలన్నిటికీ అక్కడి నుంచే పంచడం దీని ప్రత్యేకత.

రాజ్యాంగ 15వ సవరణ 1870లోనే జాతిభేదం లేని ఓటుహక్కు ఇచ్చింది. ఓటేయాలంటే కట్టాల్సిన పోల్ టాక్స్, అక్షరాస్యత పరీక్షలు, బెదిరింపులు దాన్ని కాగితానికే పరిమితం చేశాయి. 1960 నాటికి దక్షిణాదిన ఓటు వయసు వచ్చిన నల్లజాతివారిలో నమోదైనవారు సుమారు 29 శాతమే. మిసిసిపీలో పరిస్థితి మరీ ఘోరం. ఆ రాష్ట్ర రాజ్యాంగంలోని 285 సెక్షన్లలో రిజిస్ట్రార్ ఏది చూపిస్తే దాన్ని రాసి, అర్థం వివరించాలి. ఆ వివరణ సరైనదో కాదో తేల్చేది ఆ తెల్ల అధికారే. 1962లో మరో చట్టం తెచ్చి, దరఖాస్తు చేసినవారి పేర్లు రెండు వారాలపాటు స్థానిక పత్రికలో అచ్చువేయించడం మొదలుపెట్టారు. పేరు పత్రికకెక్కితే కౌలు పొలమో, కూలి పనో, ఉంటున్న ఇల్లో పోయేది.

బస్సుల్లో జాతివేర్పాటును ధిక్కరిస్తూ ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్ల మీద 1961లో జరిగిన దాడుల తర్వాత, అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ ఉద్యమాన్ని ఓటర్ల నమోదు వైపు మళ్లించాలని చూశారు. టాకోనిక్ ఫౌండేషన్ అధ్యక్షుడు స్టీఫెన్ కరియర్ సంఘాల నాయకులతో మంతనాలు జరిపారు. విద్యార్థి సంఘమైన స్నిక్‌లో చాలామందికి ఇది ఉద్యమాన్ని చల్లార్చే ఎత్తుగడలా తోచింది. ఆ ఆగస్టులో టెనెసీలోని హైలాండర్ స్కూల్లో సమావేశమైనప్పుడు సంఘం చీలేదాకా వెళ్లింది. ప్రత్యక్ష పోరాటానికి ఒక విభాగం, నమోదుకు ఒక విభాగం పెట్టుకోమని చెప్పి సంఘానికి మార్గదర్శి అయిన ఎల్లా బేకర్ సర్దిచెప్పారు. యువకుల అనుమానం నిరాధారం కాదు. అయితే మిసిసిపీలో ఓటు అడగడమే ప్రత్యక్ష పోరాటమని కొద్ది నెలల్లోనే తేలిపోయింది.

పన్ను మినహాయింపు ఉన్న ఫౌండేషన్లు రాజకీయ వాసన ఉన్న పనికి నేరుగా డబ్బిస్తే ఆ మినహాయింపుకే ముప్పు. అందుకని 1944లో ఏర్పడిన సదరన్ రీజినల్ కౌన్సిల్ అనే పరిశోధనా సంస్థ గొడుగు కింద వీఈపీని నిలబెట్టారు. పన్నుల శాఖ అనుమతి వచ్చాక టాకోనిక్, ఫీల్డ్ ఫౌండేషన్, ఎడ్గర్ స్టెర్న్ ఫ్యామిలీ ఫండ్ ప్రధాన దాతలుగా నిలిచాయి. ప్రధాన పౌరహక్కుల సంఘాలైన ఎన్‌ఏఏసీపీ, అర్బన్ లీగ్, కోర్, ఎస్‌సీఎల్‌సీ, స్నిక్‌లతోపాటు ఊళ్లలోని చిన్న సంఘాలకూ డబ్బు అందింది. ఏ పార్టీకీ ప్రచారం చేయకూడదు, ఖర్చుకు లెక్క చెప్పాలి, క్షేత్రనివేదికలు పంపాలి అన్నవి షరతులు. లిటిల్ రాక్ పాఠశాలల్లో జాతివేర్పాటుపై కేసు వాదించిన ఆర్కన్సా న్యాయవాది వైలీ బ్రాంటన్ తొలి డైరెక్టర్.

ఈ డబ్బు వెనక ఎంత ప్రమాదముందో మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ చెబుతుంది. నమోదు ప్రయత్నాలు మొదలయ్యాక, లెఫ్లోర్ కౌంటీ అధికారులు 1962 చలికాలానికి ముందు ఫెడరల్ మిగులు ఆహారధాన్యాల పంపిణీ ఆపేశారు. పత్తి కోతలు అయిపోతే ఆ సరుకు మీదే బతికే వేలాది పేద కుటుంబాలు పస్తులున్నాయి. 1963 ఫిబ్రవరి 28 రాత్రి స్నిక్ కార్యకర్తలు బాబ్ మోజెస్, జిమ్మీ ట్రావిస్‌లతో వీఈపీ క్షేత్రాధికారి రాండాల్ఫ్ బ్లాక్‌వెల్ కారులో వెళుతుండగా మరో కారు నుంచి తూటాలు కురిశాయి. డ్రైవర్ సీట్లో ఉన్న ట్రావిస్ మెడ దగ్గర గాయమైనా ప్రాణం దక్కింది. బ్రాంటన్ బెదరలేదు. కార్యకర్తలంతా గ్రీన్‌వుడ్‌కే రావాలని పిలుపునిచ్చారు.

అదే బ్రాంటన్ 1963 నవంబరులో మిసిసిపీకి నిధులు ఆపేయాల్సి వచ్చింది. మిగతా రాష్ట్రాలకన్నా ఎక్కువ ఖర్చుచేసినా అక్కడ నమోదైనవారు 4,000 లోపే. అదే డబ్బు వేరేచోట పెడితే ఎన్నోరెట్ల ఓటర్లు చేరతారన్న లెక్క కాగితం మీద సరైనదే. కానీ అణచివేత ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడే సాయం ఆగిపోయేలా చేసింది ఆ కొలబద్ద. తిరస్కరణకు గురైన ప్రతి దరఖాస్తూ ఫెడరల్ చట్టం ఎందుకు కావాలో చెప్పే సాక్ష్యమే కదా! తలకింత ఖర్చని లెక్కగట్టే పద్ధతిలో దానికి చోటు లేకపోయింది. 1965 ఓటుహక్కుల చట్టం తర్వాత మిసిసిపీలో నల్లజాతి నమోదు రెండేళ్లలో 6.7 శాతం నుంచి దాదాపు 60 శాతానికి చేరడం అసలు అడ్డంకి ఎక్కడుందో చూపించింది.

1964 శరదృతువుతో ముగిసిన తొలి దశలో 11 రాష్ట్రాల్లో దాదాపు 6,88,000 మంది కొత్త ఓటర్లు చేరారు. తర్వాత వర్నన్ జోర్డన్, 1970 నుంచి జాన్ లూయిస్ ప్రాజెక్టును నడిపించారు. ప్రాజెక్టు కోసం తొలుత మంతనాలు జరిపిన స్టీఫెన్ కరియర్, ఆయన భార్య మాత్రం 1967 జనవరిలో కరీబియన్ సముద్రం మీద విమానంతో సహా గల్లంతయ్యారు.

అదే ఏడాది క్లీవ్‌లాండ్‌లో కోర్ చేపట్టిన నమోదుకు ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. నల్లజాతి నాయకుడు కార్ల్ స్టోక్స్ అక్కడ మేయరయ్యారు. దాంతో కాంగ్రెస్‌లో ఆగ్రహం రేగింది. 1969 పన్ను సంస్కరణ చట్టం ఓటర్ల నమోదుకు ఫౌండేషన్లు ఇచ్చే నిధుల మీద కఠిన ఆంక్షలు పెట్టింది. డబ్బు పుచ్చుకునే సంస్థ అయిదు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేయాలి, తన నిధుల్లో నాలుగో వంతుకు మించి ఒకే దాత నుంచి తీసుకోకూడదు. ఈ చట్టం కారణంగానే వీఈపీ మాతృసంస్థ నుంచి విడిపోయి స్వతంత్ర సంస్థ అయింది. పెద్ద దాత ఒకరి మీద ఆధారపడే దారి మూసుకుపోయి, క్రమంగా నిధుల కొరతలో కూరుకుపోయి 1992లో మూతపడింది. 1969 నాటి ఆంక్షలు మాత్రం అమెరికా పన్ను చట్టంలో ఇప్పటికీ ఉన్నాయి.