బ్రిస్బేన్ నుంచి ఒక రికార్డు: ద సెయింట్స్ ఆల్బమ్ 'ఐయామ్ స్ట్రాండెడ్' (1977)

పంక్ రాక్ చరిత్రను చెప్పే పుస్తకాలు సాధారణంగా రెండు నగరాల మధ్యనే తిరుగుతాయి. న్యూయార్క్‌లో రామోన్స్ బృందంతో 1974లో మొదలై, రెండేళ్ళకు లండన్‌లో సెక్స్ పిస్టల్స్, క్లాష్ బృందాలతో ఉద్యమంగా మారి, అక్కడి నుంచి మిగతా ప్రపంచానికి వ్యాపించిందని ఆ పుస్తకాలు చెబుతాయి. ఈ కథనంలో అబద్ధం లేదు. కాని ఇది ఒక్కటే చదివిన విద్యార్థి, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్‌లో నలుగురు యువకులు 1976 జూన్‌లోనే ఒక పాట రికార్డు చేసి, లండన్ బృందాల మొదటి రికార్డులకంటే ముందే దానిని విడుదల చేశారని తెలుసుకొనే అవకాశం లేదు. ఆ పాట పేరుతోనే 1977 ఫిబ్రవరిలో వెలువడిన ఆల్బమ్ ఈ పాఠానికి విషయం.

రాజకీయ చరిత్ర చదివే విద్యార్థికి ఒక పాటల రికార్డుతో ఏమి పని అన్న సందేహం రావచ్చు. శాసనం, నాణెం, తాళపత్రం మాదిరిగానే ధ్వనిముద్రణ కూడా చారిత్రక ఆధారమే. అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి డబ్బుతో, ఎవరి కోసం తయారుచేశారన్న ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి. ఈ రికార్డు విషయంలో ఆ ప్రశ్నలకు దొరికే సమాధానాలు ఆసక్తికరంగా ఉంటాయి.

పంక్ అంటే ఏమిటి?

1970ల ఆరంభానికి రాక్ సంగీతం చాలా బరువెక్కింది. ఒక్కో పాట పది, ఇరవై నిమిషాలు సాగేది. వాద్యంలో ఏళ్ళ తరబడి సాధన ఉండాలి, ఖరీదైన పరికరాలు ఉండాలి, పెద్ద స్టేడియంలు కావాలి. పంక్ దీనికి ఎదురు తిరిగింది. రెండు మూడు నిమిషాల పాట, వేగమైన లయ, మూడు నాలుగు కార్డ్‌లు (కార్డ్ అంటే గిటార్ మీద ఒకేసారి మీటే కొన్ని స్వరాల సమూహం), అరుపుకు దగ్గరగా ఉండే గానం దాని లక్షణాలు. చిరిగిన దుస్తులు, పిన్నీసులు, ముళ్ళలా నిలబెట్టిన జుట్టు లండన్‌లో దానికి చేరిన వేషం. వేషాన్నే సంగీతంగా భావించడం వల్ల చరిత్రకారులు కొన్ని పొరపాట్లు చేశారు. మన బృందం ఆ వేషం వేయలేదన్నది గుర్తుంచుకోవాలి.

నగరం, ప్రభుత్వం

బ్రిస్బేన్‌ను ఆనాటి సిడ్నీ, మెల్‌బోర్న్ వాసులు పెద్ద పల్లెటూరుగా ఎగతాళి చేసేవారు. క్వీన్స్‌లాండ్‌ను 1968 నుంచి 1987 వరకు ప్రీమియర్ హోదాలో జో బ్జెల్కీ-పీటర్సన్ పాలించాడు. గ్రామీణ నియోజకవర్గాల ఓటుకు నగర ఓటు కంటే ఎక్కువ విలువ వచ్చేలా అక్కడి ఎన్నికల మండలాలు ఉండేవి. ఈ పద్ధతిని 1949లో ప్రవేశపెట్టింది అతని ప్రత్యర్థి లేబర్ పార్టీయే కావడం ఒక విచిత్రం. 1971లో దక్షిణాఫ్రికా శ్వేతజాతి రగ్బీ జట్టు పర్యటనకు వ్యతిరేకంగా నిరసనలు రాగా, అతను రాష్ట్రంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. పోలీసుల స్పెషల్ బ్రాంచి విద్యార్థులపై నిఘా పెట్టింది. ఆ పాలనలోని పోలీసు అవినీతి ఎంత లోతైనదో 1987లో మొదలైన ఫిట్జ్‌జెరాల్డ్ విచారణలో బయటపడింది.

ఇక్కడ కాలక్రమాన్ని జాగ్రత్తగా చూడాలి. వీధి ప్రదర్శనలపై క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం విధించిన ప్రసిద్ధ నిషేధం నుంచే బ్రిస్బేన్ పంక్ పుట్టిందని తరచుగా రాస్తారు. ఆ నిషేధం 1977 సెప్టెంబరులో వచ్చింది. ఆల్బమ్ అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. కార్యం ముందు, కారణం తరువాత రావు కదా! పైగా ఈ పాటల్లో ప్రభుత్వం పేరు గాని, నినాదం గాని లేవు. ఉన్నది విసుగు, ఊపిరాడనితనం, ఎక్కడికైనా వెళ్ళిపోవాలన్న తహతహ. 'స్ట్రాండెడ్' అంటే దారి మధ్యలో దిక్కులేక నిలిచిపోవడం. నిషేధాజ్ఞ కంటే ముందే ఆ నగరంలోని వాతావరణం యువకుల మీద ఎలా పనిచేసిందో ఈ రికార్డు చెబుతుంది. నా దృష్టిలో దాని విలువ అక్కడే ఉంది. నినాదాల రికార్డు అయి ఉంటే ఇంత నమ్మదగిన సాక్ష్యం అయ్యేది కాదు.

బృందం

గాయకుడు క్రిస్ బెయిలీ కెన్యాలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టి, బెల్‌ఫాస్ట్‌లో కొంత బాల్యం గడిపి ఆస్ట్రేలియా చేరాడు. గిటార్ వాయించి, చాలా బాణీలు కట్టిన ఎడ్ క్యూపర్ జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత యూరప్ నుంచి ఆస్ట్రేలియాకు తరలివచ్చిన లక్షలాది కుటుంబాల్లో వీరివీ ఉన్నాయి. బెయిలీ కుటుంబం ఉన్న ఇనాలా, ఇళ్ళ కొరత తీర్చడానికి ప్రభుత్వ గృహసంస్థ కట్టించిన శివారు కాలనీ. డ్రమ్స్ వాయించే ఐవర్ హేతో కలిసి ఈ ఇద్దరూ 1973లో బృందం మొదలుపెట్టారు. తరువాత బేస్ గిటార్ వాద్యకుడుగా కిమ్ బ్రాడ్‌షా చేరాడు.

వారిని పిలిచి పాడించే వేదికలు దాదాపు లేవు. దాంతో పెట్రీ టెర్రస్ అనే వీధిలో తాము అద్దెకున్న ఇంటినే 'క్లబ్ 76' అని పేరు పెట్టి కచేరీలకు వాడుకున్నారు. 1975 డిసెంబరులో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం ఆవరణ నుంచి ప్రసారాలు మొదలుపెట్టిన 4జడ్‌జడ్‌జడ్ అనే రేడియో కేంద్రం తప్ప, ఇటువంటి సంగీతానికి నగరంలో చోటిచ్చే ప్రసార సాధనం లేదనే చెప్పాలి.

ఐదు వందల ప్రతులు

1976 జూన్‌లో వెస్ట్ ఎండ్ ప్రాంతంలోని విండో స్టూడియోలో 'ఐయామ్ స్ట్రాండెడ్', 'నో టైమ్' అనే రెండు పాటలు రికార్డు చేశారు. ఏ కంపెనీ ముందుకు రాకపోవడంతో 'ఫేటల్ రికార్డ్స్' అని తమకు తామే ఒక లేబుల్ పేరు పెట్టుకొని, సెప్టెంబరులో ఐదు వందల ప్రతులు అచ్చొత్తించారు. వాటిలో కొన్నింటిని ఆస్ట్రేలియా, బ్రిటన్ పత్రికలకు టపాలో పంపారు. స్వదేశంలో పెద్దగా పట్టించుకున్నవారు లేరు. లండన్ వారపత్రిక 'సౌండ్స్' మాత్రం దానిని ఆ వారానికే కాదు, ఏ వారానికైనా మేటి రికార్డుగా ఎంచింది.

ఆ సమీక్ష లండన్‌లోని ఇ.ఎం.ఐ. కంపెనీ అధికారుల కంట పడింది. వారు సిడ్నీ శాఖకు కబురు పెట్టగా, ఆ శాఖ బృందంతో ఒప్పందం కుదుర్చుకొంది. (మన ఇళ్ళల్లో 'కుక్క బొమ్మ రికార్డు' అని పిలుచుకున్న హెచ్.ఎం.వి. ముద్ర కూడా ఈ ఇ.ఎం.ఐ. కుటుంబానిదే.) తన దేశంలోనే ఉన్న బృందం సంగతి సిడ్నీకి లండన్ చెబితే గాని తెలియకపోవడం గమనించండి. వలస సామ్రాజ్యాల చరిత్రలో మనకు పరిచయమైన దారే ఇది. అంచున తయారైన వస్తువు కేంద్రానికి వెళ్ళి, అక్కడ ముద్ర వేయించుకొని వస్తే తప్ప సొంత ఊళ్ళో చెల్లుబాటు కాదు.

ఇక తేదీలు. న్యూయార్క్ బృందం రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976 ఏప్రిల్‌లో వచ్చింది. బ్రిటన్ మొదటి పంక్ సింగిల్‌గా లెక్కించే డామ్డ్ బృందం రికార్డు అక్టోబరులో, సెక్స్ పిస్టల్స్ మొదటి సింగిల్ నవంబరులో వచ్చాయి. బ్రిస్బేన్ సింగిల్ సెప్టెంబరులో వచ్చింది కనుక వీరు లండన్‌ను అనుకరించారనే మాట నిలవదు.

మరి రామోన్స్‌ను అనుకరించారా? బృందం 1973లోనే మొదలైంది కాబట్టి ఆ ప్రశ్నకు కూడా ఆధారం తక్కువే. రామోన్స్ ఆల్బమ్ విన్నప్పుడు తాను కుంగిపోయానని, ఇక తమను అందరూ వారి అనుకర్తలుగానే చూస్తారని అనిపించిందని క్యూపర్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి ఈ స్థితి బాగా తెలుసు. రెండు ప్రతుల్లో ఒకే పాఠం కనబడితే ఒకదాన్ని చూసి మరొకటి రాశారని వెంటనే తేల్చరు. రెంటికీ ఒకే మాతృక ఉండవచ్చు. ఇక్కడ మాతృక అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతం. అక్కడి స్టూజెస్, ఎం.సి.5 బృందాల 1969-70 నాటి రికార్డులు అటు న్యూయార్క్‌కూ, ఇటు సముద్రం దాటి బ్రిస్బేన్‌కూ చేరాయి. ఒకే విత్తనం రెండు నేలల్లో పడింది.

ఆల్బమ్‌లో ఏముంది?

1976 డిసెంబరులో, అదే విండో స్టూడియోలో, రాడ్ కో నిర్మాణంలో రెండు రోజుల్లో ఆల్బమ్ పని ముగిసింది. మొత్తం పది పాటలు. మొదటి పాటలో క్యూపర్ గిటార్ తెరపి లేకుండా, ఒక్క గోడలా నిలబడి మోగుతుంది. దాని మీద బెయిలీ గొంతు పరుగెత్తదు. కొంచెం వెనకబడి, బద్ధకంగా, నిర్లక్ష్యంగా పలుకుతుంది. వాద్యం తొందర, గొంతు నిర్లక్ష్యం: ఈ రెంటి మధ్య పెనుగులాటే ఈ రికార్డు ప్రత్యేకత. రామోన్స్‌లో గొంతు, వాద్యం ఒకే జట్టుగా కదులుతాయి. ఇక్కడ అలా కాదు.

ఆల్బమ్‌లో రెండు పాటలు వారు కట్టినవి కావు. 'వైల్డ్ అబౌట్ యు' సిడ్నీకి చెందిన మిస్సింగ్ లింక్స్ అనే బృందం 1960ల నడుమ చేసిన పాట. ఈ ఒక్క ఎంపిక చాలా విషయం చెబుతుంది. డెట్రాయిట్ ఒక్కటే కాదు, ఆస్ట్రేలియా సొంత రాక్ సంప్రదాయం కూడా వారికి మాతృకే అన్నమాట. రెండవది 'కిస్సిన్ కజిన్స్', ఎల్విస్ ప్రెస్లీ సినిమా పాట. పాత తరాన్నంతా తుడిచివేయాలని లండన్ పంక్ గట్టిగా ప్రకటించుకుంటున్న రోజుల్లో, వీరు ఎల్విస్‌ను మొహమాటం లేకుండా పాడారు. పాటగా అది ఆల్బమ్‌లో అంత బలమైనది కాదని నా అభిప్రాయం. వైఖరిగా మాత్రం ముఖ్యమైనది.

'మెస్సిన్ విత్ ద కిడ్' నిదానంగా, ఆరు నిమిషాలకు దగ్గరగా సాగుతుంది. పంక్ అంటే వేగమే అనుకునేవారు ఈ పాటను ఎక్కడ పెట్టాలో తెలియక దాటవేస్తారు. నాకైతే ఆల్బమ్ మొత్తంలో ఇదే గొప్ప పాట. బెయిలీ గొంతులోని నిర్లక్ష్యం వెనక దాగిన దిగులు ఇక్కడ బయటికి వస్తుంది. ముగింపు పాట 'నైట్స్ ఇన్ వెనిస్' కూడా పొడవైనదే. అది మాత్రం చివరికి వచ్చేసరికి గిటార్ హోరులో మునిగిపోతుంది.

ముఖచిత్రం కూడా ఆధారంగా పరిశీలించదగినది. పెట్రీ టెర్రస్‌లోని ఒక పాడుబడిన ఇంట్లో, గోడలోని నిప్పుగూడు పైన రంగుతో రాసిన ఆల్బమ్ పేరు కింద నలుగురూ నిలబడి ఉంటారు. మామూలు చొక్కాలు, పొడుగు జుట్టు. పిన్నీసులు లేవు.

ఎందుకు మరుగునపడింది?

1977 నడిమధ్యకు బృందం లండన్ చేరింది. ముళ్ళ జుట్టు, చిరుగుల దుస్తులతో వారిని పంక్ బృందంగా అమ్మాలని కంపెనీ చూసింది. వారు ఒప్పుకోలేదు. అదే జులైలో 'దిస్ పర్ఫెక్ట్ డే' అనే పాట బ్రిటన్ జాబితాలో 34వ స్థానం దాకా వెళ్ళింది. అంతకు మించి వెళ్ళలేదు. 1978లో వచ్చిన 'ఎటర్నల్లీ యువర్స్', 'ప్రీహిస్టారిక్ సౌండ్స్' ఆల్బమ్‌లలో ఇత్తడి బాకాలు చేర్చి, అమెరికన్ నల్లజాతి సోల్ సంగీతం వైపు జరిగారు. పంక్ శ్రోతలకు అది ద్రోహంగా, మిగతావారికి ఇంకా పంక్‌గా కనిపించింది. ఆ ఏడాదే కంపెనీ వారిని వదులుకొంది, బృందం చీలిపోయింది. క్యూపర్ 'లాఫింగ్ క్లౌన్స్' బృందం పెట్టాడు. బెయిలీ 2022లో మరణించేవరకు సెయింట్స్ పేరుతోనే కొత్త కొత్త వాద్యకులతో కొనసాగాడు.

అంటే రికార్డు మరుగున పడటానికి దూరం ఒక్కటే కారణం కాదు. ఉద్యమాల చరిత్ర రాసేవారికి గుర్తుపట్టేందుకు ఒక వేషం, ఒక ప్రకటన, ఒక వీధి కావాలి. వీరు వాటిని ఇవ్వలేదు. సంగీతకారులు మాత్రం మరిచిపోలేదు. 1977లోనే బ్రిస్బేన్‌లో గో-బిట్వీన్స్ బృందం పుట్టింది. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన నిక్ కేవ్ తనపై సెయింట్స్ ప్రభావాన్ని పలుమార్లు చెప్పుకున్నాడు. 2007లో ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం తన 'సౌండ్స్ ఆఫ్ ఆస్ట్రేలియా' జాబితాలో 'ఐయామ్ స్ట్రాండెడ్' పాటను చేర్చింది. ఒకప్పుడు తమను పిలిచే వేదిక లేక అద్దె ఇంట్లో పాడుకున్నవారి పాట, ఆ విధంగా ప్రభుత్వ భాండాగారంలోకి చేరింది.

అభ్యాసం: అవకాశం ఉన్నవారు మొదట స్టూజెస్ బృందం 1970 నాటి 'ఫన్ హౌస్', తరువాత రామోన్స్ 1976 ఆల్బమ్, చివరగా ఈ ఆల్బమ్ వినండి. మూడింటిలో గొంతు వాద్యానికి ముందు నడుస్తున్నదా, వెంట నడుస్తున్నదా, వెనకబడుతున్నదా రాసిపెట్టుకోండి. వెబ్‌లోనో పుస్తకంలోనో దొరికే ఏదైనా ఒక పంక్ చరిత్రలో బ్రిస్బేన్‌కు ఎన్ని పంక్తులు ఇచ్చారో లెక్కించి, ఆ రచయిత ఏ నగరంలో ఉండి రాశాడో కూడా మీ సమాధానంలో పేర్కొనండి.