భేజ్జి: అడవి ఋతువులు, బడి గంటలు

తల్లిదండ్రులకు తీరిక లేదనీ, పిల్లల మనసు తెలుసుకొనేవారు లేరనీ వినవచ్చే ఫిర్యాదు పట్టణ మధ్యతరగతి సొత్తని భావించడం మన రచయితలకు అలవాటు. కచేరీ నుండి చీకటిపడి వచ్చే తండ్రి, తలుపు మూసుకొని కూర్చున్న కొడుకు, ఇద్దరి మధ్య నలిగే తల్లి - ఈ ముగ్గురితో మన కథాసాహిత్యం చాలా పుటలు నింపింది. అయితే ఈ ఎడబాటుకు మరొక చరిత్ర ఉన్నది. దానిని చూడడానికి శబరి ఒడ్డున ఉన్న కోంటకు పోవలె. అక్కడి నుండి ఇంజరం చేరి, పెద్దరోడ్డు విడిచి అడవిలోనికి సాగితే భేజ్జి వస్తుంది. 1948 వరకు బస్తరు సంస్థానంలోనిది. 2012లో ఏర్పడిన సుకుమా జిల్లాలో నేడున్నది. ఈ ప్రాంతపు దొర్లలు మాట్లాడేది కోయకు దగ్గరి మాట. తెలుగు దానిలో ధారాళంగా కలిసి ఉంటుంది.

బస్తరు పిల్లలనగానే పండితులకు ఘోటుల్ గుర్తుకు వస్తుంది. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన గ్రంథం దానికి లోకప్రసిద్ధి కలిగించింది. కాని ఘోటుల్ ప్రధానంగా ఉత్తర బస్తరులోని మురియాల యువజన గృహం. దక్షిణాన ఉన్న కోంటసీమ సంసారాలను దానితో కొలవడం పొరపాటు. ఘోటుల్‌కు పోయిన పిల్లలు కూడా పగలు ఇంటిపని, పొలంపని చేసేవారే. ఊరు వారిని పోగొట్టుకోలేదు. ఊరు పిల్లలను పోగొట్టుకొన్నది వేరొక ద్వారం గుండా.

ఆ ద్వారం బడి. ఈ మాట చదువుపై ద్వేషంతో అన్నది కాదు. 1905లో అడవులలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయవలెనన్న ప్రతిపాదన వచ్చినది. దివాను పండా బైజనాథ్ కాలంలో వెట్టి, అడవి ఆంక్షలతో పాటు బలవంతపు బడిచదువు, ఉపాధ్యాయుల వసూళ్ళు కూడా ప్రజల ఫిర్యాదులలోనికి ఎక్కినవి. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగినప్పుడు ఠాణాలూ, అధికారుల ఇళ్ళూ మాత్రమే కాదు, బడులు కూడా తగులబడినవి. అడవిబిడ్డలకు అక్షరద్వేషమని దీనికి తేలికగా అర్థం చెప్పినవారున్నారు. ఆ అర్థం చాలదు. పశువుల వెంట పోవలసిన పిల్లవాడిని పట్టుకొనిపోయి, పైగా దానికి రుసుము అడిగే బడిని ఏ తల్లి ఠాణా నుండి వేరుచేసి చూడగలదు?

అడవికి తన పంచాంగం ఉన్నది. ఫాల్గుణ చైత్రాలలో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే చెట్టుక్రింద ఉండవలె. వెనువెంటనే తునికాకు వస్తుంది. ఈ మధ్యకాలంలో మరొక పని చేరినది: జనవరి మొదలు ఏప్రిలు వరకు ఖమ్మం వైపు మిరపకాయ కోతలకు కుటుంబాలు తరలిపోతవి. బడి పరీక్షలు పెట్టే నెలలు, హాజరు లెక్కించే నెలలు సరిగా ఇవే. తల్లి చేనులో వంగి ఉన్నంతసేపు చెల్లెలిని చంకన మోసే ఎనిమిదేళ్ళ పిల్ల, బడి పట్టీలో గైరుహాజరు. ఆమె చేసినది పనియని లెక్కించే గడి ఏ పట్టీలోనూ లేదు. తీరిక లేనిది తల్లికి మాత్రమే కాదు, ఆ పిల్లకు కూడా.

ఇక బడికి చేరిన పిల్లవాడి సంగతి. కోయలో 'ఏరు' అంటే నీరు. దాహమై 'ఏరు' అన్న బిడ్డను తెలుగు ఉపాధ్యాయుడు నదికి పోవలెనంటున్నాడని అనుకోవచ్చును. హిందీ ఉపాధ్యాయునికి ఆ మాటే పట్టదు. రెండుమార్లు అడిగి మూడవమారు ఊరకుండే బిడ్డకు మందబుద్ధి అన్న బిరుదు దక్కడం ఎంతసేపు?

ఇది తప్పనిసరి కాదని చూపినవారు మన చేరువలోనే ఉన్నారు. కొమురం భీము 1940 నాటి తిరుగుబాటు తరువాత ఆదిలాబాదు గోండుల నడుమ పనిచేసిన హైమెండార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చే కేంద్రానికి కారకుడైనాడు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వచ్చినవి. ఆయనకు ఎంతో ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చి, సవరలకు పుస్తకాలు వ్రాసి, బడులు పెట్టించినారు. వ్యావహారిక భాషావాదానికి ఆయనను ఏటేటా తలచుకొనే మనం, ఇంటిమాట బడిలో చెల్లవలెనన్న ఆ వాదాన్ని సవర పిల్లవాడి విషయంలో ఆయన ఆచరించి చూపినారని తలచుకోవడం తక్కువ.

కోంటసీమకు అటువంటి వాచకానికి ముందు తుపాకి చేరినది. 2005లో సల్వా జుడుం మొదలయిన పిమ్మట ఊళ్ళు చీలినవి. కొందరు ఇంజరం, ఎర్రబోరు, దోర్నపాలు శిబిరాలకు, కొందరు అడవి లోపలికి, కొందరు శబరి దాటి గోదావరి సీమకు పోయినారు. లోపలి ఊళ్ళలో బడి కట్టడాలను మావోయిస్టులు కూల్చినారు. మరికొన్నింటిలో సాయుధ బలగాలు మకాం పెట్టినవి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వా జుడుం చెల్లదన్నది. పిల్లలకై రోడ్డువారగా వెదురు గోడల వసతిబడులు వెలసినవి. 2017 మార్చి 11న భేజ్జి సమీపాన పన్నెండుగురు సి.ఆర్.పి.ఎఫ్. జవానులు హతులయినారు, ఆ వార్తతోనే దేశంలో పెక్కుమంది ఈ ఊరిపేరు మొదట విన్నారు.

తల్లిదండ్రులు లోపలి ఊరిలో, బిడ్డ రోడ్డువార వసతిబడిలో: ప్రాణభయంతో చేసిన ఈ ఏర్పాటును ఎవరూ తప్పుపట్టలేరు. కాని సెలవులకు వచ్చిన బిడ్డకు ఇప్పచెట్టు క్రిందికి వేకువను పోవడం చేతకాదు. తండ్రికి అది సోమరితనం. తండ్రికి బడి కాగితం చదవడం రాదు. బిడ్డకు అది సిగ్గు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు.

నది దాటి పోయినవారిని తెలంగాణలో గొత్తికోయలంటారు. వారి పిల్లలకు అందిన బడి తెలుగుది. సుకుమాలో మిగిలిన వారి దాయాదుల పిల్లలకు హిందీది. ఏ పెళ్ళికో, పండుగకో ఒకే పంచలో కలిస్తే దాహమైన ఒక బిడ్డ 'నీళ్ళు' అంటుంది, మరొకడు 'పానీ' అంటాడు. కుండ దగ్గర కూర్చున్న ముసలమ్మ మాత్రం ఇంకా 'ఏరు' అనే అంటుంది.